లైఫ్‌గార్డ్‌కు ఈత పరీక్ష ఒక్కటే చాలదు

ఈత కొలనుకో, బీచ్‌కో కాపలా మనిషిని పెట్టుకునేటప్పుడు మన దగ్గర అడిగే మొదటి ప్రశ్న ‘ఈత బాగా వచ్చా?’ అని. చాలాచోట్ల చివరి ప్రశ్న కూడా అదే. పుష్కర ఘాట్ల దగ్గర, వినాయక నిమజ్జనం దగ్గర గజ ఈతగాళ్లను సిద్ధంగా ఉంచామని అధికారులు చెబితే ఏర్పాట్లు పూర్తయినట్టే అనుకుంటాం. ఈత రాకుండా ఈ పని చేయలేరన్నది నిజమే. కానీ కాపలా ఉండి కూడా ప్రాణం పోయిన చోట ముందుగా ఆరా తీయాల్సినవి వేరే రెండున్నాయి. మునుగుతున్న మనిషిని ఎంతసేపటికి చూశారు? ఒడ్డుకు తెచ్చాక మొదటి శ్వాస ఎప్పుడు అందించారు? శిక్షణలోనూ, సర్టిఫికెట్ పరీక్షలోనూ ఈ రెండింటికీ ఇచ్చే సమయం చాలా తక్కువ. ప్రమాణాలు పెంచాలంటే ఇక్కడినుంచే మొదలుపెట్టాలి.

2001 వేసవిలో అమెరికాలోని 90 కొలనుల్లో 500కు పైగా పరీక్షలు జరిపారు. లైఫ్‌గార్డ్ డ్యూటీలో ఉండగానే మనిషి ఆకారంలోని బొమ్మను నీళ్లలోకి జారవిడిచి, ఎంతసేపటికి గుర్తిస్తారో చూశారు. సగటున 1 నిమిషం 14 సెకన్లు పట్టింది. 10 సెకన్లలోపు గుర్తించిన సందర్భాలు 9 శాతమే. అప్పటికే అక్కడ 10/20 సూత్రం వాడుకలో ఉంది. ప్రమాదాన్ని 10 సెకన్లలో గుర్తించాలి, ఆ తర్వాత 20 సెకన్లలో మనిషిని చేరాలి అన్నది ఆ సూత్రం. శిక్షణ పొందిన వాళ్ల చూపు కూడా దానికి ఆమడ దూరంలో ఉందని ఆ బొమ్మలు తేల్చాయి.

ఈ సెకన్ల విలువ వైద్యుల లెక్కల్లో కనిపిస్తుంది. 5 నిమిషాల లోపు మునిగి ఉన్నవాళ్లలో చనిపోవడమో, మెదడు తీవ్రంగా దెబ్బతినడమో జరిగే అవకాశం దాదాపు 10 శాతం. 5 నుంచి 10 నిమిషాలైతే అది 56 శాతానికి ఎగబాకుతుంది. 10 నుంచి 25 నిమిషాలకు 88 శాతం. 108కి ఫోన్ చేసి అంబులెన్స్ వచ్చేసరికి సాధారణంగా ఈ గడువు దాటిపోతుంది. బతికించగలిగేది ఒడ్డున ఉన్నవాళ్లే.

మునిగేవాళ్లు అరవరు

సినిమాల్లో మునిగిపోయేవాళ్లు చేతులూపుతూ ‘కాపాడండి’ అని కేకలేస్తారు. అసలు మునక చాలావరకు నిశ్శబ్దంగా జరుగుతుంది. న్యూయార్క్‌లోని ఆర్చర్డ్ బీచ్‌లో లైఫ్‌గార్డ్‌గా పనిచేసిన ఫ్రాంక్ పియా దీన్ని దగ్గరగా గమనించి వర్ణించారు. మనిషి నీళ్లలో నిటారుగా ఉంటాడు. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టంలో మునుగుతూ తేలుతూ ఉంటుంది. చేతులు రెండు పక్కలకూ చాచి నీటిని కిందికి నొక్కుతుంటాడు. కాళ్లు ఆడించడు, ఉన్నచోటు నుంచి కదలడు. నోరు పైకి వచ్చిన ఆ క్షణంలో గాలి పీల్చడానికే వ్యవధి చాలదు, ఇక అరవడానికి ఊపిరి ఎక్కడిది? చేయి పైకెత్తితే శరీరం ఇంకా కిందికి పోతుంది కాబట్టి చేయి ఊపడం కూడా ఉండదు. ఇదంతా 20 నుంచి 60 సెకన్లు. చిన్నపిల్లలైతే ఇంకా తక్కువ. పక్కనే ఉన్నవాళ్లు ఆడుకుంటున్నాడనుకుంటారు.

చేతులూపి అరుస్తున్న మనిషి అలసిపోయి ఉండవచ్చు, భయపడి ఉండవచ్చు. అతనికీ సాయం కావాలి. కానీ అతనికి ఇంకా కొంత సమయం ఉంది. కేక వినపడితేనే లేచే అలవాటున్న లైఫ్‌గార్డ్ అసలు ప్రమాదంలో ఉన్నవాణ్ని వదిలేసే ముప్పుంది. ఇంకొక రకం మునకకు ఈ లక్షణాలు కూడా ఉండవు. బాగా ఈదగలిగే కుర్రాళ్లు నీటి అడుగున ఎంతదూరం పోతామని పందెం కట్టి, మునిగే ముందు గబగబా ఊపిరి పీల్చి వదులుతారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, ‘ఊపిరి తీసుకో’ అని శరీరం ఇచ్చే హెచ్చరిక ఆలస్యమవుతుంది. ఆలోపే ఆక్సిజన్ అయిపోయి నీటి అడుగునే స్పృహ తప్పుతుంది. అలాంటి పందేలను కనిపించిన వెంటనే విజిల్ వేసి ఆపించాలని శిక్షణలో చెప్పి తీరాలి.

వీటిని నోటిమాటగా చెబితే చాలదు. శిక్షణలో కనీసం సగం రోజు చూపు మీదే పెట్టాలి. నిజమైన రక్షణ ఘటనల వీడియోలు వేసి, ఎవరు మునుగుతున్నారో వేలు పెట్టి చూపమనాలి. కొలనులో పది పదిహేను మందిని ఆడించి, వాళ్లలో ఒకరికి మాత్రమే రహస్యంగా చెప్పి మునుగుతున్నట్టు నటింపజేయాలి. ఆఖరున బొమ్మ పరీక్ష పెట్టాలి.

బొమ్మ పరీక్ష ఇలా ఉండాలి

నీళ్లు నింపితే అడుక్కి చేరే శిక్షణ బొమ్మ కావాలి. కొలను నిండుగా ఉన్న వేళే పరీక్ష పెట్టాలి, ఖాళీ కొలనులో పెడితే ఫలితానికి అర్థం లేదు. మేనేజర్‌కూ, బదులుగా కాపలా కాసే రెండో లైఫ్‌గార్డ్‌కూ, బొమ్మను వదిలే మనిషికీ తప్ప ఎవరికీ ముందుగా చెప్పకూడదు. ఈతగాళ్లలో ఒకరు దాన్ని తువ్వాలు చుట్టి తెచ్చి నెమ్మదిగా వదలాలి. తల నీటిలోకి పోయిన క్షణంలో స్టాప్‌వాచ్ నొక్కాలి. ఒకసారి కాదు, మూడు చోట్ల మూడుసార్లు: సాయంత్రం ఎండ నీటి మీద మెరిసే వైపు ఒకటి, నిచ్చెన పక్కనో లోతు మొదలయ్యే వాలు దగ్గరో ఒకటి, కుర్చీకి సరిగ్గా కింద ఒకటి. ఎత్తు కుర్చీలో కూర్చున్నవాళ్లు దూరమంతా చూస్తారు గానీ కాళ్ల కింది నీళ్లు చూడరు. మూడింటిలోనూ 10 సెకన్లలోపు గుర్తించి, విజిల్ వేసి, 20 సెకన్లలో బొమ్మను చేరితేనే పాస్.

ఈ పరీక్షలో తప్పినంతమాత్రాన లోపం ఎప్పుడూ మనిషిదే అనుకోకూడదు. ఒక్కోసారి ఆ కుర్చీ నుంచి అడుగు కనిపించదు. అందుకే కొలను తెరవకముందే బొమ్మను అడుగున పడుకోబెట్టి, కుర్చీ ఉన్నచోటు నుంచి ప్రతి మూలా కనిపిస్తోందో లేదో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చూసుకోవాలి. రాత్రి లైట్ల కింద నడిచే కొలనైతే అప్పుడూ చూడాలి. కనిపించని చోటు దొరికితే కుర్చీ జరపాలి, లేదా రెండో మనిషిని పెట్టాలి. నీళ్లు మసకబారి అడుగు కనిపించకపోతే ఆ రోజు కొలను మూసేయడమే పద్ధతి.

20 సెకన్ల లెక్క కూడా కాగితం మీదే వేసుకోవచ్చు. అపార్ట్‌మెంట్లలో, క్లబ్బుల్లో 25 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు కొలనులు మామూలే. రెస్క్యూ ట్యూబ్ (మునిగేవాళ్లు పట్టుకోవడానికి ఇచ్చే, నీళ్లలో తేలే పొడవాటి దిమ్మ) వెనక లాక్కుంటూ ఈదేవాళ్లకు సెకనుకు ఒక మీటరు మంచి వేగమే. కుర్చీ పొడవు వైపు మధ్యలో ఉంటే ఎదుటి మూలకు దూరం 17 మీటర్ల పైచిలుకు. దూకడానికి రెండు మూడు సెకన్లు కలిపితే 20 సెకన్లకు బొటాబొటిగా సరిపోతుంది. అదే కుర్చీని షవర్ల పక్కన నీడ ఉందని వెడల్పు వైపు చివర వేస్తే ఎదుటి మూలకు దాదాపు 28 మీటర్లవుతుంది, 30 సెకన్లు పడుతుంది. గట్టు మీద పరుగెత్తి కొంత మిగుల్చుకోవచ్చు గానీ తడి టైల్స్ మీద పరుగు వేరే ప్రమాదం. కుర్చీ ఎక్కడ వేయాలన్నది నీడను బట్టి కాకుండా ఈ లెక్కను బట్టి తేలాలి. కుర్చీకి నీడ కావాలంటే గొడుగు బిగించాలి.

ఫ్రాంక్ పియా విశ్లేషణలో ఇంకొక మాటుంది: గుర్తించలేకపోవడం, వేరే పని అడ్డు రావడం, ధ్యాస మళ్లడం. కాపలా విఫలమయ్యేది ఈ మూడింటి వల్లే. మన కొలనుల్లో రెండోదే పెద్ద సమస్య. ఒకే మనిషి పిల్లలకు ఈత నేర్పుతాడు, క్లోరిన్ వేస్తాడు, వలతో ఆకులు తీస్తాడు, రిజిస్టర్‌లో సంతకాలు పెట్టిస్తాడు, మధ్యమధ్యలో కాపలా కాస్తాడు. పాఠం చెప్పే కోచ్ తన ఎదుట ఉన్న ఆరుగురినే చూడగలడు, వెనకనున్న ఇరవై మందిని చూడలేడు. అందుకే సర్టిఫికెట్ మనిషికి మాత్రమే ఇచ్చి ఊరుకుంటే లాభం లేదు. కుర్చీలో ఉన్నంతసేపు వేరే ఏ పనీ చెప్పకూడదన్న నియమం కొలను లైసెన్సులోనే రాసి ఉండాలి. ఒకేచోట అరగంటకు మించి కూర్చుంటే చూపు మొద్దుబారుతుంది. 20 నుంచి 30 నిమిషాలకోసారి స్థానం మారాలి, కనీసం గంటకోసారి నీళ్ల నుంచి చూపు మరల్చే విరామం దొరకాలి. మే నెల ఎండలో ఈ గడువులు ఇంకా తగ్గించాలి.

ఈత కొలమానాలు

దేశదేశాల పరీక్షలు పక్కపక్కన పెడితే తేడాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఆస్ట్రేలియాలో సర్ఫ్ లైఫ్ సేవర్లకు ఇచ్చే బ్రాంజ్ మెడలియన్‌కు 400 మీటర్లు 9 నిమిషాల్లో ఈదాలి. ఆ తర్వాత 200 మీటర్లు పరుగు, 200 మీటర్లు సముద్రంలో ఈత, మళ్లీ 200 మీటర్లు పరుగు, అన్నీ కలిపి 8 నిమిషాల్లో ముగించాలి. బ్రిటన్‌లో కొలను లైఫ్‌గార్డ్ అర్హతకు 50 మీటర్లు 60 సెకన్లలోపు ఈదాలి. అమెరికన్ రెడ్‌క్రాస్ పరీక్షలో 20 గజాలు ఈది, మునిగి, అడుగున ఉన్న 10 పౌండ్ల ఇటుకను తీసి, రెండు చేతులతో గుండెల మీద పట్టుకుని వెల్లకిలా ఈదుతూ వచ్చి, నిచ్చెన ఎక్కకుండా గట్టెక్కాలి. దీనికి గడువు 1 నిమిషం 40 సెకన్లు. ఈ ఇటుక పరీక్ష మనకు బాగా పనికొచ్చేది. చేతులు ఖాళీ లేనప్పుడు కాళ్లతోనే ఈదగలరా అన్నది అసలు రక్షణలో ఎదురయ్యే పరిస్థితి, మామూలు ఈత పోటీల్లో నెగ్గినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు.

ఈత, మునక, ప్రథమ చికిత్స అని విడివిడిగా మార్కులు వేసే పద్ధతి మాత్రం మారాలి. అన్నీ ఒకే వరుసలో జరగాలి: కుర్చీలో ఉండగా బొమ్మను గుర్తించడం, విజిల్, దూకడం, అడుగు నుంచి తీయడం, ట్యూబ్ మీద వేసి గట్టుకు చేర్చడం, గట్టెక్కించడం, ఊపిరి చూడటం, శ్వాస ఇవ్వడం, ఆ తర్వాత ఆగకుండా 2 నిమిషాలు సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, మధ్యలో శ్వాస ఇస్తూ ప్రాణం నిలిపే పద్ధతి). గుండె దడదడలాడుతూ, రొప్పుతూ ఉన్నవాళ్లు శ్వాస సరిగా ఇవ్వగలరా అన్నది ఇలా చేయిస్తేనే తెలుస్తుంది. క్లాస్‌రూమ్‌లో చాప మీద చక్కగా చేసినవాళ్లే ఇక్కడ తల వెనక్కి వంచడం మర్చిపోతారు. బొమ్మ ఛాతీ లేవకపోయినా గమనించరు.

ముందు ఊపిరి, తర్వాత నొక్కడం

ఇప్పుడు సీపీఆర్ గురించి జనంలో అవగాహన పెరిగింది. అది మంచిదే. కానీ సామాన్యులకు నేర్పేది ఎక్కువగా చేతులతో ఛాతీ నొక్కడం వరకే. ఉన్నట్టుండి గుండె ఆగి కుప్పకూలినవాళ్లకు అది సరిపోతుంది, వాళ్ల రక్తంలో ఇంకా ఆక్సిజన్ ఉంటుంది. మునిగినవాళ్ల సంగతి తలకిందులు. ముందు ఊపిరి ఆగుతుంది, ఆక్సిజన్ అడుగంటుతుంది, ఆ తర్వాతే గుండె ఆగుతుంది. ఆక్సిజన్ లేని రక్తాన్ని ఎంత తిప్పినా మెదడుకు అందేదేమీ ఉండదు. అందుకే మునక కేసుల్లో శ్వాసతోనే మొదలుపెట్టాలి. యూరప్ మార్గదర్శకాలు ముందుగా 5 శ్వాసలు ఇమ్మంటాయి, అమెరికావి 2. ఒక్కో శ్వాస ఒక సెకను పాటు, ఛాతీ లేచేంత ఇస్తే చాలు. తర్వాత 30 నొక్కులకు 2 శ్వాసలు, నిమిషానికి 100 నుంచి 120 వేగం, పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. మనం వదిలే గాలిలో కూడా 16 శాతం దాకా ఆక్సిజన్ ఉంటుంది.

బ్రెజిల్ వైద్యుడు డేవిడ్ స్పిల్‌మన్ 1997లో ప్రచురించిన వర్గీకరణ ఇక్కడ గుర్తుంచుకోవాలి. 1,831 మునక కేసులను పరిశీలించి ఆయన ఆరు మెట్లు గుర్తించారు. ఊపిరి మాత్రమే ఆగి గుండె ఇంకా కొట్టుకుంటున్న ఐదో మెట్టులో మరణాలు 44 శాతం. గుండె కూడా ఆగిపోయిన ఆరో మెట్టులో 93 శాతం. ఐదు నుంచి ఆరుకు జారడానికి పట్టేది కొద్ది నిమిషాలే, ఆ జారుడును ఆపేది సకాలంలో అందిన శ్వాస ఒక్కటే.

మన ఊళ్లలో మునిగినవాళ్లను బయటికి తీయగానే పొట్ట నొక్కడం, కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, భుజం మీద వేసుకుని గిరగిరా తిప్పడం ఇప్పటికీ జరుగుతోంది. నీళ్లు కక్కిస్తే బతుకుతారన్న నమ్మకం. బయటికి వచ్చేది పొట్టలోని నీళ్లు, అన్నం. అవి గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. సీపీఆర్ చేస్తుండగా వాంతి ఎలాగూ చాలామందికి అవుతుంది. అప్పుడు తల ఒక పక్కకు తిప్పి, వేలితో నోరు శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టాలి. నోటి నుంచి తెల్లని నురగ వస్తుంటే దాన్ని తుడుస్తూ కూర్చోకుండా నురగలోంచే శ్వాస ఇవ్వాలి. పరీక్షలో బొమ్మ నోటి దగ్గర షేవింగ్ నురగ పెట్టి చూస్తే ఎంతమంది ఆగిపోతారో తెలిసిపోతుంది. చుట్టూ మూగినవాళ్లు ‘పొట్ట నొక్కు, పొట్ట నొక్కు’ అని అరుస్తుంటే చెదరకుండా పని చేయడం కూడా నేర్పాల్సిన విషయమే. పరీక్షలో నలుగురి చేత అలా అరిపించడంలో తప్పేమీ లేదు.

ఒడ్డున కనీసం పాకెట్ మాస్క్ (నోటితో శ్వాస ఇచ్చేటప్పుడు మధ్యలో పెట్టే తొడుగు), అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి గాలి పంపే సంచి), ఆక్సిజన్ సిలిండర్ ఉండాలి. ఏఈడీ (ఆగిన గుండెకు కరెంటు షాక్ ఇచ్చే యంత్రం) ఉంటే తడి ఛాతీ తుడిచి అతికించాలి. కానీ మునిగి గుండె ఆగిన కేసుల్లో షాక్‌తో తిరిగి కొట్టుకునే లయ కొద్దిమందిలోనే ఉంటుంది. కాబట్టి యంత్రం తెచ్చేదాకా శ్వాస ఇవ్వడం ఆపకూడదు. లేచి కూర్చుని మాట్లాడుతున్నా దగ్గు, ఆయాసం, నురగ ఉన్నవాళ్లను ఇంటికి పంపకుండా ఆసుపత్రికే పంపాలి.

సముద్రానికి ఒక కార్డు, నదికి ఒక కార్డు

కొలనులో పాసైన మనిషిని విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబెట్టడం, సముద్రంలో పెరిగిన మనిషిని గోదావరి ఘాట్‌లో నిలబెట్టడం మన దగ్గర మామూలైపోయింది. సముద్రానికీ, నదికీ వేర్వేరు సర్టిఫికెట్ కార్డులుండాలి. మత్స్యకార కుటుంబాల యువకులకు అలల మీద ఉన్న పట్టు ఏ కోర్సూ ఇవ్వలేదు. కోస్తా బీచ్‌లకు వాళ్లకంటే మంచి అభ్యర్థులు దొరకరు. వాళ్లకు చేర్చాల్సింది చూపు పద్ధతి, శ్వాస, ట్యూబ్ వాడకం. ఎంత మంచి ఈతగాడైనా ఉత్త చేతులతో మునిగేవాడి దగ్గరికి పోతే ఇద్దరూ మునుగుతారు. ట్యూబ్ లేకుండా నీళ్లలోకి దిగితే పరీక్షలో తక్షణం ఫెయిల్ అని రాసుకోవాలి.

సముద్రం కార్డుకు పరీక్ష సముద్రంలోనే జరగాలి. అమెరికా బీచ్ లైఫ్‌గార్డులకు 500 మీటర్లు 10 నిమిషాల గడువుంది. ఒడ్డు నుంచి లోపలికి లాగేసే రిప్ ప్రవాహాలు ఉద్ధృతంగా ఉన్నప్పుడు సెకనుకు 2 మీటర్లు దాటవచ్చు. దానికి ఎదురీది గెలిచేవాళ్లు లేరు. పక్కకు ఈదడం, తేలుతూ చేయెత్తడం, మనిషిని ట్యూబ్ మీద పట్టుకుని ప్రవాహం నీరసించేదాకా ఆగడం నేర్పాలి. అలలు విరగని ప్రశాంతమైన సందు చూసి జనం అక్కడే దిగుతారు. నిజానికి అదే రిప్ దారి. దాన్ని టవర్ మీంచి గుర్తించి, ఈతకు అనువైన చోటును చూపే ఎరుపు పసుపు జెండాలను దానికి దూరంగా జరపడం రోజూ ఉదయం చేయాల్సిన మొదటి పని. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికలు టవర్‌లోని మనిషి ఫోన్‌కు చేరాలి.

నది సంగతి పూర్తిగా వేరు. వానాకాలపు గోదావరిలో మోకాలి కింద ఏముందో కనిపించదు, కాబట్టి అడుగు చూసే పద్ధతే పనికిరాదు. అక్కడ తలలు లెక్కపెట్టాలి. లోతును ఛాతీ ఎత్తు దగ్గర బారికేడ్‌తో కట్టేయాలి. ఒక తల మాయమైతే ఆఖరున కనిపించిన చోటును ఒడ్డున ఉన్న రెండు గుర్తులతో కలిపి మనసులో పెట్టుకోవాలి. స్తంభమో, దీపమో, మెట్ల అంచో ఏదైనా సరే. ఆ చోటును చూపుతో వదలకుండా ఒకరు వేలు చాపి నిలబడాలి. మిగతావాళ్లు నడుము లోతు వరకు చేతులు కలిపి వరుసగా కాళ్లతో వెతకాలి. లోతులో వరుసగా మునిగి రెండు మూడు బారలు ముందుకు పోయి, పైకి తేలి, కొంచెం వెనక్కి జరిగి మళ్లీ మునగాలి. లేకపోతే రెండు మునకల మధ్య కొంత అడుగు వెతక్కుండానే మిగిలిపోతుంది. ప్రవాహం ఉంటే వెతుకులాట దిగువకు జరగాలి, బోటు ఎప్పుడూ ఘాట్‌కు దిగువనే ఉండాలి. ఒడ్డున ప్రతి 20 అడుగులకూ విసిరే తాడు సంచి ఒకటి వేలాడాలి.

సర్టిఫికెట్‌కు గడువు

పుణె కేంద్రంగా ఉన్న రాష్ట్రీయ లైఫ్ సేవింగ్ సొసైటీ, గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ శిక్షణ ఇస్తున్నాయి. 2023 డిసెంబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ మునక నివారణకు ఒక వ్యూహ పత్రం కూడా విడుదల చేసింది. ఇక మిగిలింది రాష్ట్రాలు, మున్సిపాలిటీలు దీన్ని తమ లైసెన్సుల్లోకి, టెండర్లలోకి తేవడం.

రెండేళ్ల గడువున్న కార్డు ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. సీపీఆర్ నైపుణ్యం మాత్రం మూడు నుంచి ఆరు నెలల్లోనే తగ్గిపోతుంది. బ్రిటన్‌లో అందుకే కార్డు నిలబెట్టుకోవాలంటే ఆ రెండేళ్లలో కనీసం 20 గంటల అదనపు శిక్షణ చూపించాలి. ఆస్ట్రేలియా సర్ఫ్ లైఫ్ సేవర్లు ఏటా తమ నైపుణ్యాన్ని మళ్లీ నిరూపించుకోవాలి. మన దగ్గర నెలకు రెండు గంటల సాధన, మూడు నెలలకోసారి బొమ్మ పరీక్ష, ఏటా పూర్తి పరీక్ష పెడితే ఖర్చు పెద్దగా కాదు. ఒక కొలనుకు కావాల్సినవి ఒక నీటి బొమ్మ, రెండు సీపీఆర్ బొమ్మలు, ఒక స్టాప్‌వాచ్, ఒక రిజిస్టర్. రిజిస్టర్‌లో ఏ తేదీన, ఏ చోట, ఎన్ని సెకన్లకు గుర్తించారో రాయాలి. ‘సంతృప్తికరం’ అన్న మాటతో సరిపెట్టకూడదు.

నేర్పినవాళ్లే పరీక్ష పెట్టడం ఆపాలి. ఫీజు కట్టి వచ్చిన ఇరవై మందిని ఫెయిల్ చేసే శిక్షకుడు దొరకడు. బ్రిటన్‌లో కొలను లైఫ్‌గార్డ్ పరీక్షకు వేరే పరీక్షకుడు వస్తాడు. ఇక్కడా అలాగే వేరే సంస్థ నుంచి రావాలి, పరీక్ష మొత్తం వీడియో తీసి ఏడాది పాటు దాచాలి.

2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఘాట్లకు గజ ఈతగాళ్ల కోసం ఇచ్చే టెండర్‌లో ఎంతమంది అన్న అంకె ఎలాగూ ఉంటుంది. దాని పక్కన ఇంకో నాలుగు గడులు చేర్చాలి: నది కార్డు ఉందా, ఆరు నెలల్లోపు సీపీఆర్ పరీక్ష పాసయ్యారా, ఒక్కొక్కరికీ ట్యూబ్, మాస్క్ ఉన్నాయా, 20 నిమిషాలకోసారి స్థానం మార్చడానికి సరిపడా మనుషులున్నారా. నాలుగో గడి నింపాలంటే నీళ్లను చూసే ప్రతి ముగ్గురికీ విరామంలో ఉండే నాలుగో మనిషిని లెక్కలో పెట్టుకోవాలి. నియామకాలు కనీసం మూడు నెలల ముందే పూర్తయితే అదే ఘాట్‌లో, అదే ప్రవాహంలో వెతుకులాట సాధన చేయించడానికి వ్యవధి ఉంటుంది.